దక్షిణం తలుపుకు ధర ఎంత?

మీ ఇంటి వీధి తలుపు ఏ దిక్కున ఉంది? దక్షిణాన ఉంటే దాన్ని అలాగే ఉంచారా, లేక కొన్న మర్నాడే ఇటుకలు పేర్చి మూసేసి, పక్క సందులో అడ్డంగా నడిస్తే తప్ప దూరలేని దారి ఒకటి తూర్పుకు తెరిచారా? తూర్పునే ఉందంటారా? అయితే ఆ తూర్పు కోసం ఎంత ఎక్కువ పోశారు? పోసినదానికి మీకు ఏం దక్కింది? సూర్యుడు మీ గుమ్మం ముందు ఓ గంట అదనంగా నిలబడుతున్నాడా?

ఈ ప్రశ్నలు నేను ముప్పై ఏళ్లుగా సభల్లో అడుగుతూనే ఉన్నాను. మొన్న ఆషాఢంలో నాలుగు రోజులు ఉప్పల్, నాచారం, నారపల్లి తిరిగి వచ్చాక, ముందుగా నన్ను నేనే ప్రశ్నించుకోవలసి వచ్చింది.

నన్ను అక్కడికి రప్పించింది సుజాత. నాచారంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. రెండేళ్ల కిందట హైదరాబాదులో ఒక సభలో నేను వాస్తు మీద గంటసేపు నిప్పులు కురిపించి కూర్చున్నాక, వెనక వరుసలోంచి లేచింది. "మేడం, మీరు చెప్పింది నిజమే. నేను గూడ నమ్మ. కానీ నేను దక్షిణం ఇల్లు కొన్న అనుకో, రేపు అమ్మేటప్పుడు కొనెటోడు నమ్ముతడు గదా? అప్పుడు మునిగేది నేనా, మీరా?"

సభ ఘొల్లున నవ్వింది. నేను సమాజం, చైతన్యం అని ఏవో పెద్ద మాటలు చెప్పి తప్పించుకున్నాను. తప్పించుకున్నానని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఆషాఢంలో ఫోన్ చేసింది. "అక్కా, దక్షిణం ఇల్లే చూసినం. నువ్వు రా. అప్పటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు జెప్పు."

ఉప్పల్ కూడలి, శనివారం

కూడలిలో నన్ను కలిసింది సుజాత భర్త యాదగిరి. చిన్న వర్క్‌షాపులో లేతు మిషన్ మీద పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇనుప ముక్కను పక్కన పడేసే మనిషి, మాటలు కూడా అలాగే కొలిచి వాడతాడు. మెట్రో స్తంభం నీడలో నిలబడి చాయ్ తాగాం. పదిహేను రూపాయలు. మా చీరాల టీ కంటే గ్లాసు చిన్నది, చాయ్ చిక్కన. ఉస్మానియా బిస్కెట్టు తడిసి గ్లాసులోకి జారిపోతే చాయ్ బండి ఆయన అడగకుండానే చెంచా ఇచ్చాడు.

ఇళ్ల సంగతి తెలుసుకోవడానికి వచ్చానంటే ఆయన నవ్వాడు. "మెట్రో మెట్లు దిగినోళ్లు ముందుగాల ఇల్లు ఏడ దొరుకుతదని అడుగుతరు మేడం. చాయ్ తర్వాత అడుగుతరు."

అక్కడ నిలబడ్డ అరగంటలో జనగామ యాస విన్నాను, నల్లగొండ యాస విన్నాను, భీమవరం యాసలో ఒకాయన ఫోన్లో ఎవరితోనో నీళ్ల ట్యాంకర్ గురించి గొడవపడుతుంటే విన్నాను. మా ఊళ్లో ఒక వీధికి ఒక కులం, ఒక పని, ఒక మాట. ఇక్కడ ఒకే మెట్ల మీద ఇన్ని ఊళ్లు. వీళ్లలో ఒక్కరూ జాతకం కుదిరిందని ఈ ఊరికి రాలేదు. పని ఉందని వచ్చారు. ఎక్కడైనా ఇంటికి గిరాకీ పుట్టేది ఈ పనిలోంచే. ఉప్పల్ ఆ సంగతిని దాచదు.

నాచారంలో రెండు గదులు

ఒక సందులో మసాలా ఘాటు, దాటగానే మందుల ఫ్యాక్టరీ వాసన, ఆ తర్వాత ఎక్కడిదో మైదాకు నూరుతున్న పచ్చి వాసన. మేం గోరింటాకు అనేదాన్ని ఇక్కడ మైదాకు అంటారు. సుజాత వాళ్లది మేడ మీద రెండు గదుల వాటా. తలుపు తీసిన సుజాత పది వేళ్లూ ఎర్రగా పండి ఉన్నాయి.

గది మూలన దుప్పటి కప్పి ఉన్నది ఏమిటని అడిగాను. దుప్పటి తీసి చూపించింది. కుట్టు మిషన్, మోటారుతో నడిచేది. "మూడేండ్లయింది కొని. ఓనరమ్మ నడపనియ్యది. టకటకలకు నిద్ర పడ్తలేదంటది. కరెంటు అంటది. పద్నాలుగేండ్లల ఐదు ఇండ్లు మారినం అక్కా, ఐదిండ్లల్ల ఇదే ముచ్చట."

ఇప్పుడు ఈ ఇంటినే బిల్డర్‌కు ఇస్తున్నారు. పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారు. శ్రావణం దాటేలోపు ఖాళీ చేయాలి. సుజాతకు కావలసింది ఒక్కటే. రోడ్డు మీదికి తెరుచుకునే ముందు గది, అందులో మూడు మిషన్లు, ఇద్దరు తోడు పనివాళ్లు, తన పేరుతో ఒక బోర్డు. నారపల్లిలో అలాంటి ఇల్లు దొరికింది. వాళ్ల చేతికందే ధరలో ఉంది, ఎందుకంటే దాని వాకిలి దక్షిణానికి ఉంది.

జొన్న రొట్టె, పచ్చి పులుసు పెట్టింది. మేం పులుసంటే మరిగించాల్సిందే అనుకుంటాం. వీళ్లు పొయ్యి జోలికే పోకుండా చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పిసికి అద్భుతం చేస్తారు. రెండోసారి వడ్డించుకుంటూ, "ఆషాఢంలో ఇల్లు కొంటున్నారా? ఎవరూ ఏమీ అనలేదా?" అన్నాను.

"అన్నరు. అమ్మవారికి బోనం ఎత్తుకునేది ఈ నెలలనే, చేతులు ఎర్రగ చేసుకునేది ఈ నెలలనే. సంతకం పెట్టనీకె మాత్రం మంచిది కాదట. ఏ చెయ్యి? ఇదే చెయ్యి!" అని పండిన వేళ్లు చూపించింది. ఇంత చిన్న వాదం నాకు ముప్పై ఏళ్లలో తట్టలేదు.

యాదగిరి రొట్టె తుంచుతూ మెల్లగా అన్నాడు. "కొన్నంక ఆ దర్వాజ మూసేసి, వంటరూం పక్కకెల్లి తూర్పుకు ఒకటి తీస్తె అయిపాయె."

"ముందు రూం దర్వాజ మూస్తే నా దుకాణం ఏడ పెట్టాలె? సందులనా?"

"నువ్వు నమ్ముతావా యాదగిరీ?" అని అడిగాను.

అతను రొట్టె ముక్క పళ్లెంలో పెట్టాడు. "నమ్మకం లేదక్కా. భయముంది."

ఇంత నిజాయితీగా ఏ పండితుడూ నాతో మాట్లాడలేదు. నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకుంటుండగా సుజాత అడిగింది. "మీ ఇల్లు ఎటున్నది అక్కా?"

"తూర్పు" అన్నాను. తర్వాత ఉపన్యాసం రాలేదు.

ఐలయ్య కారులో, ఆదివారం

ఇల్లు చూపించిన మధ్యవర్తి ఐలయ్య. పాత కారు, అద్దానికి నిమ్మకాయలు, ఫోన్లో దిక్సూచి. ఇల్లు అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలిపి కమీషన్ తీసుకోవడం ఆయన పని. నాచారం నుంచి వరంగల్ రోడ్డెక్కి నారపల్లి చేరేలోగా ఆయన చెప్పిన పాఠం ఏ కాలేజీలోనూ దొరకదు.

"మార్కెట్ అంటే ఏం లేదు మేడం, మంది ముచ్చట. మెట్రో వస్తదన్నప్పుడు ఒకసారి పెరిగింది. వచ్చినంక ఇంకోసారి పెరిగింది. ఒక్క మెట్రోకు రెండుసార్లు పైసలు పెట్టిన్రు! ఈ రోడ్డు మీద బ్రిడ్జి పిల్లర్లు లేపుడు మొదలైనంక దుమ్ముకు దుకాణాలు బందైనయి, అద్దెలు పడ్డయి. గప్పుడు అందరు పారిపోయిన్రు. నేను మాత్రం కస్టమర్లకు జెప్పిన, గిప్పుడే కొనుండ్రి అని."

"కొన్నారా?"

"ఒక్కడు గూడ కొనలే. పక్కోడు కొనందే మనోడు కొనడు. పక్కోడు కొన్నంక ధర ఉండది. మళ్ల నన్నే తిడ్తరు, ఐలన్నా ముందే ఎందుకు జెప్పలేదని."

శ్రావణం రాగానే పెరుగుతుందట, ఆషాఢంలో పడుకుంటుందట. ఎన్నికల ముందు ఒక ఊపు, తర్వాత ఒక నీరసం. ఘట్‌కేసర్ దగ్గర రింగురోడ్డు, కాలేజీలు. పోచారం వైపు కంప్యూటర్ ఉద్యోగాలు. వాటి మధ్యలో పొలాలు ప్లాట్లయ్యాయి. కందిచేలో తెల్ల రాళ్లు పాతి, గేటు ఒక్కటి ముందు కట్టి పెట్టారు. లోపల ఇల్లు లేదు, గేటుకు మాత్రం కాపలాదారు ఉన్నాడు.

ఐలయ్యను నేను మూఢనమ్మకాల బేహారి అనుకుని కారెక్కాను. దిగేటప్పటికి గౌరవం పుట్టింది. ఆ నిమ్మకాయలు ఎందుకని అడిగితే, "అవి కస్టమర్ల కోసం మేడం. కారు కోసం నేను ఇన్సూరెన్స్ కట్టిన" అన్నాడు.

సత్తెమ్మ ఇల్లు

నారపల్లిలో కాలనీ రోడ్డు మీద చిన్న ఇల్లు. ముందు వెడల్పాటి గది, రెండు రెక్కల టేకు తలుపు, దాని మీద చక్కటి సజ్జ. ఇంటామె సత్తెమ్మకు అరవై దాటాయి. ఆమె భర్త మేస్త్రి, తన చేత్తోనే కట్టాడు. ఆయన పోయి మూడేళ్లు. నాగారంలో చెల్లెలి పక్కన ఇల్లు చూసుకుని ఆమె ఇది అమ్ముతోంది. ఇద్దరక్కచెల్లెళ్లూ కలిసి పిండివంటలు చేసి అమ్మాలని ఉత్సాహంగా ఉంది.

ముందు గదిలో నిలబడ్డాను. దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించవచ్చు, అంత వెలుతురు. మా చీరాలలో పాత నేత ఇళ్లు ఇలాగే ఉండేవి. మగ్గం గుంటకు వెలుతురు ఎటు నుంచి వస్తే కిటికీ అటు. ఇల్లు పనికి లోబడి ఉండేది. తర్వాత వాస్తు వచ్చి మగ్గం చీకటి మూలకు జరిగింది. కళ్లజోళ్లు వచ్చాయి.

ఐలయ్య బేరం మొదలెట్టాడు. "తూర్పు అయితే ఈ ధరకు దొరకదు యాదగిరీ. దక్షిణం గావట్టే అవ్వ నాలుగు లక్షలు తగ్గిస్తున్నది."

అక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు.

"నాలుగు దిక్కుల్లో ఒకదానికి శిక్ష వేసిందెవరండీ?" అని అందుకున్నాను. "వీధిలో ఒక వరస ఉత్తరం చూస్తే ఎదుటి వరస దక్షిణం చూడాల్సిందే కదా! మరి ఊళ్లో ఎదుటి వరసలన్నీ నాశనమైపోవాలిగా? ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, సజ్జ ఉంటే దక్షిణం గోడకు ఎండే తగలదు. చలికాలం వంగి వచ్చి గది వెచ్చబెడతాడు. మా వైపు సాయంత్రం దక్షిణం గాలి కోసం మంచాలు వీధిలోకి ఈడ్చుకుంటాం. ఇంతకన్నా మంచి ముందు గది మీరెక్కడ చూశారు?"

సత్తెమ్మ చెంపకు చేయి ఆనించి శ్రద్ధగా వింది. "మల్ల జెప్పు బిడ్డా, ఆ ఎండ ముచ్చట." మళ్లీ చెప్పాను, ఇంకా బాగా చెప్పాను. ఆమె కళ్లు చెమర్చాయి.

"వచ్చినోడల్లా ఫోన్ తీసుడు, మొఖం మాడ్చుకునుడు. మా ఆయన ఈ ఇంట్ల ఉండవట్టే పోయిండట. డెబ్బై మూడేండ్లు బతికిండు! తూర్పు ఇంట్ల ఎవలు సావలేదా?" పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "అయితె నా ఇంట్ల ఏ దోషం లేదంటవ్?"

"లేదు!"

"తూర్పు ఇంటికి, దీనికి తేడా లేదు?"

"ఆవగింజంత లేదు!"

"మరి నేను నాలుగు లక్షలు ఎందుకు ఇడిసిపెట్టాలె?"

ఐలయ్య దిక్సూచి జేబులో పెట్టుకుని, "అయిపాయె" అన్నాడు.

నా జీవితంలో ఇంత సంపూర్ణంగా ఎవరినీ ఒప్పించలేదు. తిరుగు దారిలో సుజాత కిటికీలోంచి బయటికే చూసింది. ఇల్లు చేరాక మాత్రం, "మంచిగ జెప్పినవ్ అక్కా. గంత మంచిగ జెప్పకపోతే బేరం అయితుండె" అంది. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అంది.

టులెట్ బోర్డులు, సోమవారం

ఇద్దరూ పనికి వెళ్లారు. నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. నాచారం సందుల్లో టులెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ తట్టాను. మొదటి చోటే మోటారు గొట్టం తట్టుకుని బురదలో కూలబడ్డాను. ఆ ఇంటామె చీర కడుక్కోవడానికి నీళ్లిచ్చి, "ఒక్కదానివేనా? ఎంత మందుంటరు?" అని అద్దె మాటలు మొదలెట్టింది.

దక్షిణం వాకిలి వాటా ఎంత, పక్కన తూర్పు వాటా ఎంత అని అడుగుతూ పోయాను. మధ్యాహ్నానికి ఒక సంగతి తేలింది. అద్దె ఒకటే! అద్దెకు వచ్చేవాళ్లు ఏం అడుగుతారని అడిగితే, ఒక ఇంటాయన వేళ్లు మడిచి చెప్పాడు. "నీళ్లు రోజు ఇడిచి రోజు వస్తయా, బోరుందా, బండి పెట్టుకోనీకె జాగ ఉందా, సెకండ్ షిఫ్ట్ నుంచి ఆడపిల్ల వస్తే సందుల లైటు ఉందా. గివే."

"వాస్తు?"

"అద్దెకుండేటోనికి వాస్తు ఎందుకమ్మా? షిఫ్టుకు లేట్ కాకుంటే సాలు."

రోడ్డు మీద నిలబడిపోయాను. రెండేళ్లుగా నన్ను పొడుస్తున్న ప్రశ్నకు జవాబు ఇదే! ఇంట్లో బతకడానికి ఇచ్చే ధర అద్దె. అందులో భయానికి చోటు లేదు. అమ్మకం ధరలో మాత్రం పక్కవాడి భయాన్ని కూడా తూకం వేసి కలుపుతున్నాం. ఆ పక్కవాడూ తన పక్కవాణ్ణి చూసే భయపడుతున్నాడు. ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి మారే ఈ కార్మికులు ఏ సభకూ రాకుండానే ఈ లెక్క తేల్చేశారు. నేను సభలు పెట్టాల్సింది వీళ్లకు కాదు, సొంతిళ్లవాళ్లకు.

సాయంత్రం సుజాతకు చెప్పాను. "అమ్మడానికి కొనకు. పని చేసుకోవడానికి కొను. ఎప్పుడైనా వదిలి వెళ్లాల్సి వస్తే అద్దెకివ్వు, నిండు అద్దె వస్తుంది. మునిగేది నువ్వు కాదు."

ఆమె కాసేపు లెక్కలు వేసుకుంది. "ఈ జవాబుకు రెండేండ్లు పట్టింది నీకు. సరే, రేపు హాఫ్ డే లీవ్ పెడత. అక్కా, నువ్వు గూడ రా. కానీ మాట్లాడకు."

మళ్లీ నారపల్లి, మంగళవారం

సత్తెమ్మ ఈసారి కుర్చీలు వేసింది. సుజాత కూర్చోలేదు. కొళాయి తిప్పింది, మేడెక్కింది, వానొస్తే నీళ్లు ఎటు పోతాయో పక్కింటామెను అడిగి వచ్చింది. కాగితాలు ఐలయ్య చేతిలోంచి తీసుకుని సొంతంగా చదివింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు తూర్పు దర్వాజ తీస్తనన్న సందు ఇదే గదా? అవ్వా, నీ గ్యాస్ బండ ఒకసారి ఇస్తవా?"

"ఎందుకే?" అంది సత్తెమ్మ.

"మా ఆయన దీన్ని ఆ సందులకెల్లి ఇంట్లకు తెస్తడంట."

యాదగిరి నవ్వి సిలిండర్ భుజానికెత్తుకున్నాడు. ప్రహరీకీ ఇంటి గోడకూ మధ్య సందు. మొదట నేరుగా వెళ్లాడు, భుజం తగిలింది. పక్కకు తిరిగాడు, సిలిండర్ తగిలింది. దించి ముందు నెట్టుకుంటూ పోయి, మలుపు దగ్గర ఇరుక్కుని, అటూ రాలేక ఇటూ పోలేక నిలబడ్డాడు. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏంది మామా, ఆడ ఏమన్న దాచిన్రా?" అంది. సత్తెమ్మ పడీ పడీ నవ్వింది. నేను పెదవి కరుచుకుని నిలబడ్డాను. మాట్లాడొద్దన్నది కదా.

బయటికొచ్చాక అతను జేబులోంచి కొలత టేపు తీసి సందును పైనా కిందా కొలిచాడు. ఆ తర్వాత ముందు గదికి వచ్చి, టేకు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, ఆ వెడల్పూ కొలిచాడు. చాలాసేపు గడప మీదే నిలబడ్డాడు. లేతు దగ్గర ముక్కను చేతిలో తిప్పి చూసే మనిషి ఎలా నిలబడతాడో అలా.

"మిషన్ బల్ల గిట్లకెల్లే వస్తది" అన్నాడు. "మూసుడు వద్దు."

"భయం?" అంది సుజాత.

"ఉన్నది. ఉండనీ. అది గూడ ఇదే దర్వాజల కెల్లి వచ్చిపోతది."

సుజాత సత్తెమ్మ ముందు కింద కూర్చుంది. "నీ ఇంట్ల దోషం లేదవ్వా. దోషం ఉందని జెప్పి నేను బేరం చెయ్య. మా దగ్గర ఉన్నది గింతే. ఈ రూంలనే మిషన్లు పెడత, ఈ దర్వాజ మీదనే బోర్డు పెడత."

సత్తెమ్మ తలుపు వైపు చూసింది. "ఇంతకుముందు వచ్చినోళ్లంత దీన్ని మూస్తమన్నరు. మా ఆయన నెల రోజులు చెక్కిండు ఆ చెక్క." సుజాత వైపు తిరిగింది. "నాలుగు ఇడవ. రెండు ఇడుస్త. దర్వాజ ఎన్నడు మూయనని కాయితంల రాయాలె."

ఐలయ్య గాబరాపడ్డాడు. "గట్ల ఎవలు రాస్తరవ్వా!"

"నువ్వు రాయి" అంది సుజాత.

ఆ మిగతా రెండు లక్షలు? కొత్త మిషన్లకూ దుకాణం సరంజామాకూ దాచినది ఇందులో పోసి, ఉన్నదానికి తోడు రెండు పాత మిషన్లతో దుకాణం మొదలెడతానంది, అంతే. మంగళవారం, ఆషాఢం, దక్షిణం వాకిలి. మూడు "దోషాల" నడుమ ఆ ఎర్రటి వేళ్లు సంతకం పెట్టాయి. సత్తెమ్మ చేసిచ్చిన సర్వపిండి తింటూ చూశాను. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పల్లీలు పంటికింద తగులుతూ ఉంది. దాని రుచి ఇంకా నోట్లో ఉంది.

చీరాల

ఇంటికొచ్చి నా తూర్పు గుమ్మం ముందు నిలబడ్డాను. ఇరవై రెండేళ్ల కిందట ఈ వీధిలోనే దక్షిణం ఇల్లు ఒకటి తక్కువకు వచ్చింది. "మనకు పట్టింపు లేదనుకో, రేపు అమ్మాలంటే?" అని నేనే అన్నాను. ఆ మాట ఏ సభలోనూ చెప్పుకోలేదు. దిక్కును నమ్మేవాడికంటే నేను గొప్పేమీ కాదు. అతను తన భయానికి డబ్బు కట్టాడు, నేను పక్కవాడి భయానికి కట్టాను. నిన్న సుజాత ఫోటో పంపింది. రెండు రెక్కలూ తీసి ఉన్న టేకు తలుపు, లోపల మిషన్ ముందు యాదగిరి. దారం ఎక్కించడం నేర్చుకుంటున్నాడు.

కాబట్టి మీరు తల ఊపి ఈ పేజీ తిప్పేయకండి. మూసిన దక్షిణం తలుపు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం సుత్తి తీసుకుని ఆ ఇటుకలు ఊడదీయండి. కొనబోతుంటే ఫోన్లో దిక్సూచి తీసేసి, కొళాయి తిప్పండి, కాగితాలు చదవండి, పక్కింటామెను వాన నీళ్ల సంగతి అడగండి. ఎవరైనా తూర్పు పేరు చెప్పి ఎక్కువ అడిగితే, ఆ ఇంటి గ్యాస్ బండ భుజానికెత్తుకుని గుమ్మంలోంచి ఒకసారి నడిచి చూడండి. నడవగలిగారా? సంతకం పెట్టండి. ఆషాఢమైనా సరే, పెట్టండి!